బెదరిన కుక్కకు ఒక ఇల్లు

మనుష్యునకు మచ్చికయైన జంతువులలో కుక్క మొదటిది. ఆవును, గొఱ్ఱెను, గుఱ్ఱమును పెంచుట నేర్వకమునుపే మానవుడు కుక్కను తన నెగడి చెంతకు రానిచ్చెను. జర్మనీ దేశమున ఓబెర్‌కాసెల్ అను చోట 1914వ సంవత్సరమున పురాతనమైన సమాధి యొకటి బయటపడినది. అది సుమారు 14,000 సంవత్సరముల నాటిది. అందు ఒక పురుషుని యెముకలు, ఒక స్త్రీ యెముకలు, వానితోపాటు ఒక కుక్కపిల్ల యెముకలు ఉండెను. పండితులు ఆ కుక్కపిల్ల పండ్లను పరీక్షించి, అది చనిపోవుటకు ముందు కొన్ని వారములపాటు తీవ్రమైన వ్యాధితో బాధపడినదనియు, మనుష్యులు సేవచేయనిచో అన్నినాళ్లు బ్రతికియుండెడిది కాదనియు నిర్ణయించిరి. వేటకు గాని కాపలాకు గాని పనికిరాని జబ్బు జీవిని నాటి మనుష్యులు చేరదీసిరి. కుక్కకును మనుష్యునకును గల చెలిమి అంత ప్రాచీనమైనది.

అట్టి చెలిమి కలిగియు నేడు వీధులలో మనుష్యుని చూచి వణకు కుక్కలు లెక్కకు మించి యున్నవి. కడప జిల్లాలో పెన్నానది యొడ్డున జమ్మలమడుగు, దానికి దిగువగా ప్రొద్దుటూరు కలవు. వానికి నైరృతి దిక్కున పులివెందుల కలదు. ఈ మూడు పట్టణములలో ఏ సందులో చూచినను రెండు విధముల కుక్కలు కనబడును. ఒకటి తోక యాడించుచు మనుష్యుల వెంట నడచును. ఎవరో ఒకరు దానికి సంగటి ముద్ద వేయుదురు. రెండవది బండి క్రిందనో, కాలువ గట్టుననో ముడుచుకొని పడుకొనును. ఎవరైన చేయెత్తినచో, చేతిలో రాయి లేకున్నను, తోక ముడిచి పరుగెత్తును. ఆ రెండవదాని కథయే ఈ పాఠమునకు విషయము.

కుక్కకు భయమెట్లు కలుగును? ఆంధ్ర మహాభారతమున నన్నయ రచించిన ఆదిపర్వములో సరమ వృత్తాంతము కలదు. జనమేజయుడు యాగము చేయుచుండగా, సరమ యను దేవశుని కుమారుడైన సారమేయుడు అచ్చటికి పోయెను. ఏ తప్పును చేయని ఆ కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు కొట్టిరి. అది యేడ్చుచు తల్లితో చెప్పుకొనెను. సరమ రాజు నెదుటికి వచ్చి, మంచిచెడ్డల నెంచక దీనులను బాధించువారికి కారణము లేకయే భయములు వచ్చునని చెప్పి పోయెను. నాటినుండి జనమేజయుని మనసు కలతపడెను. దెబ్బతిన్న కుక్కపిల్లకు కలిగిన భయమే కొట్టినవారి యింటికి చేరినదని ఈ కథ తెలుపుచున్నది.

భయమునకు కొట్టుట యొక్కటియే కారణము కాదు. అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనాలయమున కొందరు శాస్త్రజ్ఞులు కొన్ని కుక్కపిల్లలను మనుష్యుల స్పర్శ తగులకుండ పెంచి, 1961లో తమ ఫలితములను ప్రకటించిరి. 14 వారముల వయసు వరకు అట్లు పెరిగిన పిల్లలు ఏ దెబ్బయు తినకున్నను, మనుష్యుని చూచి అడవి మృగములవలె బెదరినవి. మూడవ వారము మొదలు సుమారు పండ్రెండవ వారము వరకు కుక్కపిల్ల యెవరి నడుమ పెరుగునో వారినే తనవారిగా నెంచును. గొఱ్ఱెల మందలో పెరిగిన కుక్క మందను తన కుటుంబముగా కాచుటకును ఇదియే మూలము. మురుగుకాలువ ప్రక్కన పుట్టి, మంచి మాట యెరుగక పెరిగిన కుక్క పెద్దదైన పిదప బెదరుట దాని దోషము కాదు.

వీధిలో పుట్టిన కుక్కపిల్లకు బ్రతుకే దుర్లభము. పశ్చిమ బెంగాలులో శాస్త్రజ్ఞులు 2010 నుండి 2015 వరకు 364 వీధి కుక్కపిల్లలను గమనించిరి. వానిలో నూటికి 19 మాత్రమే పెరిగి పెద్దవయ్యెను. చనిపోయినవానిలో సగమునకు పైగా మనుష్యుల మూలముగనే చనిపోయినవి.

ఇట్టి మూగజీవుల కొరకు దయగలవారు శరణాలయములను స్థాపించిరి. మద్రాసులో 1964లో బ్లూ క్రాస్ సంస్థ రూపొందెను. హైదరాబాదున 1992లో అక్కినేని అమల బ్లూ క్రాస్‌ను నెలకొల్పిరి. విశాఖపట్టణమున 1996లో జంతు సంరక్షణ సంఘమొకటి ఆరంభమయ్యెను. గాయపడినవానికి, జబ్బుపడినవానికి ఇట్టిచోట్ల చికిత్స, తిండి, నీడ లభించును. కాని శరణాలయము ఇల్లు కాదు. పదుల కొలది కుక్కల మొరుగులు, క్రొత్త వాసనలు, క్రొత్త ముఖములు బెదరిన కుక్కను మరింత బెదరించును. అది గోడమూలకు చేరి, చెవులు వెనుకకు వాల్చి, చూపు ప్రక్కకు త్రిప్పుకొని కూర్చుండును. కుక్కను పెంచుకొనగోరి వచ్చినవారు కటకటాల యొద్దకు ఉరికి వచ్చి చేయి నాకు కుక్కనే యెన్నుకొందురు. మూలనున్నది మూలనే మిగిలిపోవును. ఎవరి ఆదరణము ఎక్కువ అవసరమో దానికే అది ఆలస్యముగ లభించుట లోకములోని విపరీతములలో నొకటి.

అట్టి కుక్కను ఇంటికి తేదలచినవారు మొదట తొందరను విడువవలెను. ఒక్కనాడే తీసికొని పోవుటకంటె, కొన్నినాళ్లు శరణాలయమునకు పోయి, దానికి ప్రక్కవాటుగా నేలపై కూర్చుండుట మేలు. కండ్లలోనికి సూటిగా చూడరాదు. తలమీద చేయి వేయరాదు. మెల్లగా మాటలాడుచు, తినుబండారమును కొంచెము దూరమున ఉంచి ఊరకుండవలెను. అది తానై ఒక్క అడుగు ముందుకు వేసిననాడు సగము పని నెరవేరినట్లే.

తిండి యొక్కటియే చాలదు. కలకత్తా సమీపముననున్న ఐసర్ విద్యాసంస్థలో అనిందితా భద్ర బృందమువారు వీధికుక్కలపై చేసిన పరిశోధన 2017లో వెలువడెను. క్రొత్త మనిషి కొన్ని కుక్కలకు పలుమార్లు ఆహారమిచ్చెను. మరికొన్నింటిని ప్రేమతో నిమిరెను. కొన్నాళ్లకు ఆహారము పొందినవానికంటె నిమరబడినవే ఆ మనిషిని ఎక్కువగా నమ్మినవని తేలినది. అయితే నిమురుట కుక్క సమ్మతించిన పిదపనే చేయవలెను. బలవంతపు ముద్దు దానికి దెబ్బతో సమానము.

ఇంటికి వచ్చిన తరువాత దానికి ఒక నిశ్శబ్దమైన మూల చూపవలెను. ఒక గోనెపట్ట, నీటిగిన్నె, వేళకు ఆహారము చాలును. మొదటి దినములలో తలుపు తెరచియున్నచో అది పారిపోవును. కావున వీధి తలుపును జాగ్రత్తగా మూయవలెను. చుట్టములందరు గుంపుగా చేరి చూడరాదు. సాధారణముగ మొదటి మూడు దినములు భయము, మూడు వారములు పరిచయము, మూడు నెలలు నమ్మకము అని కుక్కలను సంరక్షించువారు లెక్క చెప్పుదురు. కొన్నింటికి ఇంతకంటె ఎక్కువ కాలము పట్టును. ప్రొద్దుటూరు దసరా ఉత్సవములకు ప్రసిద్ధికెక్కిన ఊరు. అట్టి ఉత్సవముల మేళతాళములు, దీపావళి టపాకాయలు కుక్క చెవికి పిడుగులవంటివి. ఆ దినములలో దానిని లోపలిగదిలో ఉంచి, ఒకరు తోడుండవలెను. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషతుల్యములు. వండిన యెముకలు పేగులను చీల్చగలవు. కడప సీమ యెండలలో నీరు, నీడ తప్పనిసరి.

ఆరోగ్య విషయమున అశ్రద్ధ కూడదు. బెదరిన కుక్కను మూలకు తరిమినచో అది ఆత్మరక్షణకై కరచును. అది కోపము కాదు, భయము; ఐనను గాయము గాయమే. కుక్కకాటు వలన రేబిస్ వ్యాధి సోకవచ్చును. ఆ వ్యాధి లక్షణములు బయటపడిన పిదప ప్రాణము నిలుచుట దాదాపు అసాధ్యము. 1885లో లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్ అను బాలునికి మొదటిసారిగ టీకా వేసి కాపాడెను. నాటినుండి ఈ మరణము తప్పించుకొనదగిన మరణమైనది. కరచినను, గోరు గీరినను, గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే పెద్దలకు చెప్పి, ఆసుపత్రికి పోవలెను. భయపడి దాచుట ప్రాణాపాయము. కుక్కకును వేళకు రేబిస్ టీకా వేయించవలెను. సంతాన నిరోధ శస్త్రచికిత్స చేయించవలెను. 2008లో ప్రొద్దుటూరున పశువైద్య కళాశాల ఏర్పడెను. ప్రభుత్వ పశువైద్యశాలలును ఇట్టి విషయములలో సలహా చెప్పును.

చట్టమును మూగజీవుల పక్షమున నిలిచినది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి వలన 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చెను. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. ప్రాణులయెడ దయ కలిగియుండుట పౌరుల ప్రాథమిక విధులలో నొకటిగ 1976లో రాజ్యాంగమున చేర్పబడెను. వీధికుక్కల విషయమై 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వు నిచ్చుచు, కుక్కను దత్తత తీసికొన్నవారు అది మరల వీధిపాలు కాకుండ చూచుకొనవలెనని ఆదేశించెను. ఇది గంభీరమైన మాట. కుక్క పది పండ్రెండేండ్లు జీవించును. పిల్లలు ముచ్చటపడిరని తెచ్చి, వేసవి సెలవులు ముగియగానే వదలిపెట్టినచో, ఒకసారి నమ్మి మోసపోయిన కుక్క రెండవసారి నమ్ముట మిక్కిలి కష్టము. కావున ఇంటిల్లిపాదియు సమ్మతించి, ఎవరు తిండి పెట్టుదురో, ఎవరు వైద్యశాలకు తీసికొని పోవుదురో ముందే నిశ్చయించుకొనవలెను. ఇంట చోటు లేనివారు వీధిలోని కుక్కకు మంటిపాత్రలో నీరుంచినను, రాయి విసరు చేతిని ఆపినను అదియు మేలే.

మహాప్రస్థానమున ధర్మరాజు వెంట చివరివరకు నడచినది ఒక కుక్క. దేవేంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి స్వర్గమునకు రమ్మని పిలిచెను. నమ్మి వెంట వచ్చినదానిని విడుచుట మహాపాపమని ధర్మరాజు స్వర్గమునే కాదనెను. ఆ కుక్క ధర్మదేవతయే యని పిదప తెలిసెను. కాని ధర్మరాజు ఆ సంగతి ఎరుగక ముందే ఆ మాట యాడెను. అందే ఆతని గొప్పతనము కలదు. గోడమూలనున్న బెదరిన కుక్క ఏ దేవతయు కాకపోవచ్చును. అది ఒకనాడు భయము విడిచి, ఒక యింటి గడపయందు కన్నుమూసి నిశ్చింతగ నిద్రించినచో, ఆ యింటివారి దయకు అంతకు మించిన ఫలము అక్కఱలేదు.