డాక్టరు రాసే అంకె



సదరం సర్టిఫికెట్ చూశారా? దాని మీద ఒక అంకె ఉంటుంది. శరీరంలో లోపం నూటికి ఎంతో డాక్టర్లు రాస్తారు. అది 40 గానీ, అంతకు పైన గానీ ఉంటే మన రాష్ట్రంలో పింఛనుకు అర్జీ పెట్టవచ్చు. 2024 జూలై నుంచి ఆ పింఛను నెలకు 6,000 రూపాయలు చేశారు.

మరి అదే అంకె చూపించి "నీ బిడ్డకు చదువెందుకమ్మా?" అంటే?

ఇలాంటి తగవు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒక కుర్రవాడికి కండరాల జబ్బు. లోపం నూటికి 88. డాక్టరు చదువుకు పరీక్ష రాసి పాసయ్యాడు. వైద్య బోర్డు నిబంధన చూసి కుదరదంది. అప్పుడు కోర్టు డాక్టర్ సతేంద్ర సింగ్ గారిని చూడమంది. ఆయన ఢిల్లీలో వైద్య కళాశాలలో పాఠాలు చెబుతారు. ఆయనకు చంటితనంలోనే పోలియో వచ్చింది. వికలాంగుల చట్టం ఆయనకు కొట్టిన పిండి. వికలాంగ డాక్టర్ల ఉద్యోగాల కోసం సమాచార హక్కు అర్జీలు పెట్టి ఏళ్ళ తరబడి వెంటపడ్డారు.

ఆయన లోపం లెక్కపెట్టి ఊరుకోలేదు. ఈ పిల్లవాడు ఏం చేయగలడు? ఏ సాయం ఉంటే చేయగలడు? అది చూశారు. చదవగలడని రాసిచ్చారు. 2024 అక్టోబరులో కోర్టు సీటు ఇమ్మంది. అంకె ఒక్కటే చూసి కాదనకూడదంది.

ఇంత దూరం కథ మనకెందుకు అంటారేమో. మన పిడుగురాళ్ళలో మిరపకాయల కోతకు పోయే తల్లి ఉందనుకోండి. కాలు సరిగా లేని పిల్లను బడిలో చేర్చబోతుంది. "మెట్లెక్కలేదు, వద్దు" అంటారు. మెట్లు కట్టింది పిల్ల కాదు గదా! తరగతిని కింది గదిలో పెట్టవచ్చు. 2016 చట్టం ప్రకారం బడి అలాంటి సదుపాయం చేయాలి. 40 గానీ, అంతకు పైన గానీ ఉన్న పిల్లలకు 6 ఏళ్ళ నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు హక్కు.

ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరు గారిని అడగండి: "అయ్యా, నా బిడ్డ ఏం చేయగలదో కూడా రాయండి." ఆ కాగితం అర్జీకి జతచేయండి. సోమవారం నరసరావుపేట కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. అక్కడా పని కాకపోతే వకీలు కావాలి. ఆడవాళ్ళకు, వికలాంగులకు ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆదాయం ఎంతని అడగరు. ఫోను 15100.

చదవండి, రాయండి: సదరం. అర్జీ. హక్కు. వకీలు. 15100.

ఇంట్లో సర్టిఫికెట్ ఉంటే రేపు తెచ్చి చదవండి. అంకె ఎంత? గడువు తేదీ ఉందా?