బడి పిల్లల విదేశీ యాత్ర: సంతకానికి ముందు తెలియాల్సిన చట్టం

అనురాధపురం, సిగిరియా, అంకోర్‌వాట్, ఖాట్మండూ లోయ లాంటి చారిత్రక స్థలాలకు బడి తరఫున జరిగే యాత్రలో చట్టం ముగ్గురిని చూస్తుంది: పిల్లలను అప్పగించే తల్లిదండ్రులు, వెంట తీసుకెళ్లే బడి, ఏర్పాట్లు చేసే ట్రావెల్స్ సంస్థ. హైదరాబాద్‌లోని ఏ.ఎస్. రావు నగర్ లాంటి ఉద్యోగస్తుల కాలనీలో ఇలాంటి యాత్ర ఖర్చు చాలా ఇళ్లకు నెలల తరబడి కూడబెట్టిన డబ్బు. అయినా సర్క్యులర్‌తో వచ్చే కాగితాల మీద చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు.

ఆ కాగితాల్లో ముఖ్యమైనది హామీపత్రం. ఏం జరిగినా బడికి బాధ్యత లేదని అందులో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఆ సంతకంతో యాత్రకు అనుమతి ఇచ్చినట్టవుతుంది తప్ప, నిర్లక్ష్యాన్ని క్షమించినట్టు కాదు. పిల్లలు తమ వెంట ఉన్నంతసేపూ వాళ్ల క్షేమం చూడాల్సిన బాధ్యత బడిదేనని కోర్టులు పదేపదే చెప్పాయి. 1995 మేలో పంజాబ్‌లోని ఒక బడి పిల్లలు విహారయాత్రకు వెళ్లి బియాస్ నదిలో మునిగిపోయారు, 14 మంది చనిపోయారు. ఉపాధ్యాయుల నిర్లక్ష్యానికి యాజమాన్యమే జవాబుదారీ అంటూ, ఒక్కో కుటుంబానికి 5 లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు 2001లో ఖాయం చేసింది. 2014 జూన్ 8న అదే నది హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులను మింగింది. లార్జీ ఆనకట్ట నుంచి నీళ్లు వదిలిన తప్పు ప్రధానంగా విద్యుత్ బోర్డుదే అయినా, 2016 జనవరిలో హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇవ్వమన్నప్పుడు అందులో కళాశాలకూ వాటా వేసింది.

విదేశీ యాత్రకు వీటికంటే దగ్గరి ఉదాహరణ బెంగళూరుది. 2006 డిసెంబరులో తొమ్మిదో తరగతి విద్యార్థిని బడితో ఉత్తర భారత యాత్రకు వెళ్లింది. దారిలో జ్వరం వచ్చింది. సమయానికి సరైన వైద్యం అందక అది మెదడువాపుగా ముదిరి, అమ్మాయి మంచానికే పరిమితమైంది. రాష్ట్ర వినియోగదారుల కమిషన్ సుమారు 88.73 లక్షల పరిహారం ఇస్తే, జాతీయ కమిషన్ దాన్ని 50 లక్షలకు తగ్గించింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మొదటి మొత్తాన్నే పునరుద్ధరించింది. భాష తెలియని దేశంలో జ్వరం వస్తే పిల్లలు ఇంకా నిస్సహాయులు. అందుకే ఏ ఉపాధ్యాయుడు ఎంతమందిని చూసుకుంటారు, వైద్యం అవసరమైతే నిర్ణయం ఎవరిది, ఇంటికి ఎంతసేపట్లో కబురు చేస్తారు అన్నవి బడి నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. పిల్లలకు ఉబ్బసం, మూర్ఛ, అలర్జీ లాంటివి ఉంటే తల్లిదండ్రులు కూడా దాచకుండా రాసివ్వాలి. దాచిన జబ్బు రేపు కేసునూ, బీమా క్లెయిమునూ బలహీనపరుస్తుంది. ప్రయాణ బీమా పాలసీ తల్లిదండ్రులందరి చేతికీ రావాలి, బడి బీరువాలో ఉంటే ఆపదలో అక్కరకు రాదు.

ఇక డబ్బు. ఇక్కడ రసీదు ఎవరి పేరుతో ఉందన్నదే కీలకం. విద్యాసంస్థల సేవలు, వాటిలో భాగంగా జరిపే విహారయాత్రలు కూడా, వినియోగదారుల చట్టం కిందికి రావని జాతీయ కమిషన్ 2020 జనవరిలో అభిప్రాయపడింది. దానిపై అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ట్రావెల్స్ సంస్థ విషయంలో ఈ చిక్కు లేదు. డబ్బు తీసుకుని హోటలు మార్చినా, చూపిస్తామన్న స్థలం చూపించకపోయినా అది సేవాలోపమే. కాబట్టి బడి వసూలు చేసినా, ట్రావెల్స్ సంస్థ పేరుతో పిల్లవాడి పేరున్న బిల్లు అడిగి తీసుకోవడం మంచిది. యాత్ర రద్దయితే ఎంత తిరిగి వస్తుందో కాగితం మీద ఉండాలి. జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానా విధించే షరతును 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం అన్యాయ ఒప్పందంగా చూస్తుంది. విదేశీ ప్యాకేజీ మీద ట్రావెల్స్ సంస్థ ముందుగానే వసూలు చేసే పన్ను, అంటే టీసీఎస్, పోయిన డబ్బు కాదు, చెల్లించినవారి పాన్‌కు జమై ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది.

పాస్‌పోర్టు విషయంలో, మైనర్‌కు తల్లిదండ్రులిద్దరి సమ్మతి అనుబంధం డి రూపంలో ఇవ్వాలి. ఒక్కరే ఇచ్చే పరిస్థితికి అనుబంధం సి ఉంది. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 చట్టం చెబుతోంది. ఫీజు బాకీ ఉందని దాన్ని అట్టిపెట్టుకునే హక్కు బడికీ లేదు, ట్రావెల్స్ సంస్థకూ లేదు. నేపాల్‌కు వెళ్లే 15 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ప్రధానోపాధ్యాయుడు నిర్ణీత నమూనాలో ఇచ్చే గుర్తింపు ధ్రువపత్రం చాలు.

యాత్రకు రాలేని పిల్లల మాట కూడా చెప్పుకోవాలి. డబ్బు కట్టలేదని తరగతిలో పేరు పెట్టి నిలబెట్టడం మానసిక వేధింపు. ఎనిమిదో తరగతి వరకు పిల్లల విషయంలో విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది.

ఫిర్యాదుకు మొదటి మెట్టు 1915 నంబరులో పనిచేసే జాతీయ వినియోగదారుల సహాయవాణి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు. ట్రావెల్స్ కార్యాలయం ముంబయిలో ఉన్నా, ఏ.ఎస్. రావు నగర్‌వాసి అక్కడికి పోనక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. సర్క్యులర్, రసీదు, యాత్రా వివరాల కాగితం, వాట్సాప్ సందేశాలు అప్పటిదాకా భద్రంగా ఉండాలి.