అతిథుల కొరకు సిద్ధపడిన ఊరు

పాఠ్యభాగములు: ఆదికాండము 18:1–8, లూకా 10:38–42, మత్తయి 27:15–26

ఈ పాఠమునకు ముందు పై మూడు భాగములను కుటుంబ ప్రార్థనలో నెమ్మదిగా చదువుకొనవలెనని కోరుచున్నాము. మొదటి భాగములో మిట్టమధ్యాహ్నపు ఎండవేళ ముగ్గురు మనుష్యులు అబ్రాహాము గుడారము నెదుట నిలిచిరి. ఆయన కొంచెము ఆహారము తెత్తునని చెప్పి, తీరా మూడు మానికల పిండితో రొట్టెలు, లేత దూడ, వెన్న, పాలు తెచ్చి వారి ముందుంచెను. తక్కువ చెప్పి ఎక్కువ పెట్టుట మన పల్లెల మర్యాద కూడ. "ఇంత గంజి త్రాగి వెళ్లండి" అని పిలిచి కోడిని పట్టుకొను అమ్మలు మన సంఘములలో ఎందరు లేరు!

సువార్త సభలకు, కోతపండుగకు పరవూరి విశ్వాసులు వచ్చుచున్నారనగానే మన యిండ్లలో ఎంత సందడి! గోడలకు సున్నము, వాకిట కళ్లాపి, పొరుగింటి నుండి రెండు మంచములు, పెట్టె అడుగున దాచిన దుప్పట్లు. ఇదంతయు మంచిదే. మార్తను తక్కువగా మాటలాడుట మాకు ఇష్టము లేదు. వంట చేయువారు ఒక్కరైన లేనియెడల సభలు మూడవ పూట వరకు సాగవు. అయితే ఇల్లు సిద్ధమైనంత మాత్రమున ఇంటివారు సిద్ధమైనట్లేనా? ఈ ప్రశ్నను మనసునందుంచుకొని ఒక దూరదేశపు ఊరిని గూర్చి తెలిసికొందము. ఆ ఊరు పది సంవత్సరముల కొకసారి ఊరంతయు అతిథిగృహమగును. అతిథులు వచ్చునది ఒక సంగీత నాటకము చూచుటకు.

ఆ ఊరి పేరు ఓబరామర్‌గావ్. జర్మనీ దేశములో, బవేరియా కొండల నడుమ నున్నది. జనము సుమారు 5,000. కొయ్యను చెక్కి బొమ్మలు చేయుట వారి పాత వృత్తి. ముప్పది సంవత్సరముల యుద్ధకాలములో ఆ ప్రాంతమంతటను మహామారి తెగులు వ్యాపించెను. ఊరివారు పొలిమేరలో కావలి పెట్టి, పరాయివారిని రానియ్యలేదు. అయినను పొరుగూరికి కూలికి పోయిన కాస్పర్ షిస్లర్ అనువాడు గుడి పండుగకు ఆలుబిడ్డలను చూడగోరి, కావలివారి కన్నుగప్పి ఇల్లు చేరెననియు, అతనితో తెగులు కూడ చేరెననియు ఆ ఊరి వృద్ధులు చెప్పుకొనుచు వచ్చిరి. ఎనభై మందికి పైగా చనిపోయిరి. అప్పుడు 1633లో ఊరి పెద్దలు మ్రొక్కుకొనిరి: తెగులు ఆగినయెడల యేసు ప్రభువు శ్రమలను నాటకముగా తర తరమునకు ఆడెదమని. 1634లో పెంతెకొస్తు పండుగనాడు మొదటి ఆట జరిగెను. చనిపోయినవారిని పాతిపెట్టిన సమాధుల తోటయే దానికి రంగస్థలము. అపరిచితులకు తలుపు మూసిన భయములో పుట్టిన మ్రొక్కుబడి, అపరిచితులకు తలుపు తెరచు ఆచారముగా మారుట వింతయే గదా!

1680 మొదలు పది సంవత్సరముల కొకసారి ఆడుట వాడుకయైనది. 1830లో సమాధుల తోటనుండి నేటి స్థలమునకు మార్చిరి. యుద్ధము వలన 1920 ఆట 1922లో జరిగెను; 1940లో అసలే జరుగలేదు. 2020 ఆట కరోనా తెగులు వలన ఆగి 2022లో జరిగెను. తెగులు తొలగినందుకు ఆడు నాటకమును తెగులే ఆపెను! 2022 మే నుండి అక్టోబరు వరకు చూచినవారు నాలుగు లక్షలకు పైగా నున్నారు. అయిదువేల జనముగల ఊరు అంతమందికి మంచము, భోజనము, దారి, నీరు చూడవలెను.

1900లో రైలు వచ్చువరకు యాత్రికులు బండ్లమీదను నడచియు కొండయెక్కి వచ్చి ఊరివారి యిండ్లలోనే దిగెడివారు. పగలు రంగముమీద ఆడినవారే రాత్రి వారికి భోజనము వడ్డించెడివారు. 1900, 1910, 1922 సంవత్సరములలో యేసు ప్రభువు పాత్ర ధరించిన ఆంటన్ లాంగ్ వృత్తిచేత కుమ్మరి. ఆయన యింటను అతిథులు దిగెడివారు. నాటకములో శిష్యుల పాదములు కడిగినవాడు ఇంటికి వచ్చి అతిథులకు గది చూపుట ఎట్టి అనుభవమో ఆలోచించుడి. ఇప్పుడు హోటళ్లు కలవు. అయినను ఇండ్లలో గదులిచ్చువారు ఇంకను ఉన్నారు.

సిద్ధపాటు ఇంటితో ఆగదు. నాటకమునకు ముందు సంవత్సరము భస్మ బుధవారమున ఊరిలో ప్రకటన అంటింతురు: ఆడువారు ఆ దినము మొదలు తల వెండ్రుకలు, మగవారైతే గడ్డము కూడ, పెంచవలెను. రోమా సైనికులుగా ఉండువారికి మాత్రము మినహాయింపు. కట్టుడు జుట్టు, పూసిన గడ్డము అక్కడ చెల్లవు. పాత్ర కావలెనన్న ఆ ఊరిలో పుట్టియుండవలెను, లేక 20 సంవత్సరములు కాపురముండవలెను. అయితే స్త్రీల విషయములో వారు చాలకాలము కఠినముగా నుండిరి. పెండ్లియైనవారికిని, 35 సంవత్సరములు దాటినవారికిని పాత్రలు లేవు. స్త్రీలు న్యాయస్థానమునకు వెళ్లి 1990లో ఆ నియమమును తీసివేయించిరి. అతిథులకు పడకలు పరచిన చేతులే అవి గదా!

ఇక ఆటను గూర్చి. ఐరోపా వారు ఆపెరా అనునది ఆద్యంతము పాటగా నడచు నాటకము. అది ఇటలీలో పుట్టినది. మాంటెవెర్దీ 1607లో మాంటువా పట్టణములో ఆడించిన ఓర్ఫియో నేటికిని ఆడబడుచున్నది. ఓబరామర్‌గావ్ నాటకము పూర్తిగా ఆపెరా కాదు. పాత్రలు మాటలాడుదురు, మధ్య మధ్య గాయక బృందము, ఒంటరి గాయకులు వాద్యములతో పాడుదురు. పద్యనాటకము చూచిన మనకు ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. సంగీతము వ్రాసినవాడు ఏ రాజాస్థాన విద్వాంసుడో కాడు, ఆ ఊరి బడిపంతులు రోఖుస్ డెడ్లర్. 1811, 1815, 1820 సంవత్సరములలో మూడు మారులు దానిని కూర్చి దిద్ది, 1822లో చనిపోయెను. పాట పాడుచుండగా పాత నిబంధన ఘట్టము ఒకటి కదలని చిత్రమువలె నిలుచును. మనుష్యులు ఊపిరి బిగబట్టి శిలలవలె నిలుతురు.

ఆట సుమారు అయిదు గంటలు, మధ్యలో మూడు గంటల భోజన విరామము. నాలుగువేలకు పైగా జనము కూర్చుండు చోటికి కప్పు కలదుగాని రంగస్థలము ఆరుబయలు. వాన వచ్చినను ఆట ఆగదు, పాత్రధారులు తడియుచునే ఆడుదురు. చూడ వెళ్లువారు కంబళి తీసికొని పోవుదురు. మాటలన్నియు జర్మను భాషలో నుండును గనుక తెలివైనవారు ముందుగానే గ్రంథమును చదివి వెళ్లుదురు. అర్థము తెలియక అయిదు గంటలు కూర్చుండుట కష్టము. కథ తెలిసియుంటే సంగీతము దానంతట అదే లోపలికి వచ్చును.

అదే బవేరియాలో బైరూత్ అను పట్టణమున 1876లో వాగ్నర్ తన ఆపెరాల కొరకు ప్రత్యేక నాటకశాల తెరచినప్పుడు వచ్చిన జనమునకు తిండి చాలలేదు. సంగీతము కంటె భోజనమును గూర్చియే అందరు ఎక్కువ మాటలాడుకొనుచున్నారని రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ ఆ దినములలో వ్రాసెను. మార్త లేనిచోట మరియకు కూడ వినుట కష్టమే!

ఇప్పుడు మూడవ పాఠ్యభాగమునకు వత్తము. ఓబరామర్‌గావ్ ఇండ్లు శుభ్రముగానే యుండెను, పడకలు మెత్తగానే యుండెను. అయితే చాలకాలము ఆ రంగముమీద యూదులను చూపిన తీరు శుభ్రముగా లేదు. యాజకులకు కొమ్ములవంటి టోపీలు. గుంపంతయు ఒక్క గొంతుతో ప్రభువు రక్తము కోరు ద్రోహుల గుంపు. మత్తయి 27:25లోని మాట యూదజనమంతటి మీద శాపముగా మ్రోగెడిది. హిట్లరు 1930లో ఒకమారు, అధికారములోనికి వచ్చిన పిమ్మట 1934లో మరల ఆ ఆట చూచెను. యూదులు ఎంత ప్రమాదకరులో దానికంటె బాగుగా చూపునది లేదని 1942లో తన భోజనపు బల్లయొద్ద మెచ్చుకొనెను. ఆ వేళకు యూదుల ఊచకోత సాగుచునే యుండెను. ప్రభువు శ్రమలను చూచి అట్టివాడు అట్టి పాఠము నేర్చుకొనుట ఆటలోని లోపమా, చూచినవాని లోపమా? రెండును అని మా అభిప్రాయము. గింజ వానిదే కావచ్చును, దున్నిన పొలము ఆటలో నుండెను.

యుద్ధము ముగిసిన తరువాత కూడ ఊరివారు త్వరగా మారలేదు. మా తాతలు మ్రొక్కిన మ్రొక్కును ఎట్లు దిద్దుదుమని పట్టుబట్టిరి. 1970లో యూదుల సంఘములు ఆటను బహిష్కరించుడని పిలుపునిచ్చెను. 1990 ఆట నుండి క్రిస్టియన్ ష్టూకల్ దర్శకుడాయెను. ఆ ఊరిలో సత్రము నడుపు కుటుంబములో పుట్టి, కొయ్యచెక్కుట నేర్చినవాడు. అతడు కొంచెము కొంచెముగా దిద్దుచు వచ్చెను. 2000లో ఆ శాపపు మాటను ఆటనుండి తీసివేసిరి. ప్రభువును శిష్యులు రబ్బీ అని పిలిచిరి. 2010లో యేసు ధర్మశాస్త్రపు చుట్టను ఎత్తి పట్టగా జనులందరు ద్వితీయోపదేశకాండము 6:4ను హెబ్రీ భాషలోనే పాడిరి. ఆయన యూదుడు, ఆయన తల్లి యూదురాలు, పేతురు యూదుడు అని చూచువారికి చెవిలోనే పడెను. 2022లో యూదా పాత్ర ధరించిన యిద్దరిలో ఒకడు టర్కీ నుండి వచ్చిన ముస్లిము కుటుంబపు యువకుడు. ఇంకను దిద్దవలసినది కలదని కొందరు యూద పండితులు చెప్పుచున్నారు; అదియు వినదగినదే.

మన సంగతి చూతము. శ్రమకాలములో మన యువజనులు కూడ నాటకములు వేయుదురు. ఒక సంవత్సరము మా యువజనులు యూదులకందరికిని ముఖమునకు మసి పూసి, శిష్యులకు తెల్లబట్టలు కట్టిరి. ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడొకడు, "మరి యేసయ్య ఎవరి వాడు?" అని అడిగెను. పక్కనున్నవారు ఊరుకోమనిరి. ఈసారి మాటలు వ్రాసికొనుటకు ముందు మత్తయి 27ను ఒక వారము, లూకా 23ను ఒక వారము చదువుకొనవలెనని వారికి చెప్పితిమి. ప్రభువు వెనుక ఏడ్చుచు వెళ్లిన స్త్రీలును ఆ గుంపులోనివారేనని లూకా వ్రాసెను. వారికి మసి పూయుదురా?

మా తప్పు కూడ ఒకటి చెప్పవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట సభలకు వచ్చిన ఆరుగురికి మా యింట బస ఏర్పాటాయెను. మేము వారము దినములు ఇల్లు సిద్ధపరచితిమి. అయిదుగురు లోపల బల్లయొద్ద కూర్చుండిరి. ఆరవ ఆయన సామానుల బండి తోలుకొని వచ్చిన వృద్ధుడు. ఆయనది ఊరి చివరి వాడ. ఆయన వసారాలోనే కూర్చుండెను. రమ్మని మేము ఒక్కమారే పిలిచితిమి, అదియు మెల్లగా. లోపలివారికి కాఫీ కొత్త స్టీలు గ్లాసులలో వెళ్లెను, ఆయనకు వసారా గూటిలో విడిగా ఉంచిన గ్లాసులో వెళ్లెను. ఎవరును ఏమియు అనలేదు. ఆయన త్రాగి, గ్లాసు తానే కడిగి, గోడమీద బోర్లించెను. "ఉండనీ తాతా, మేము కడిగెదము" అనబోయి ఆగితిమి. ఆ గ్లాసు లోపలికి రాదని మాకు తెలియును, ఆయనకును తెలియును.

ఆ సాయంకాలపు సభలో ఆతిథ్యమును గూర్చి ప్రసంగము చేసినది మేమే. ఆయన వెనుక వరుసలో కూర్చుండి చివరివరకు వినెను. మరుసటి సంవత్సరము గూటిలోని గ్లాసు తీసివేసి, ఆరు గ్లాసులు ఒకటే రకమువి కొని ఉంచితిమి. ఆయన సభలకు వచ్చెను గాని, మా యింట దిగలేదు.