మేఘం ఎంత ఎత్తున ఉంటుంది? సూచనను చదివే పద్ధతి

సామల్పట్టి పల్లపు నేల. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. అందుచేత సామల్పట్టిలో ఎంతో ఎత్తున కనిపించే మేఘపు పొరయే హోసూరు మీద బాగా కిందుగా వేలాడవచ్చు. ఏర్కాడు, నంది వంటి కొండలపై దారినే కమ్మివేయవచ్చు. కొండమీద మనము పొగమంచు అనుకొనేది పలుమార్లు కింది ఊరివారు తలయెత్తి చూచే మేఘమే. తెల్లవారకముందే ద్విచక్రవాహనంపై పనికి బయలుదేరేవారు, సెలవునాడు పిల్లలతో ఘాట్ రోడ్డు ఎక్కేవారు వాన సంగతి మాత్రమే విచారిస్తారు. మేఘపు అడుగుభాగం ఎంత ఎత్తున ఉంటుందన్నది కూడా అంతే అవసరమైన ప్రశ్న.

1. ఎక్కడ లభిస్తుంది?

సాధారణ వాతావరణ సూచనలో ఆకాశం మేఘావృతమని ఉంటుంది గాని ఎత్తు ఉండదు. విమానాలు దిగడానికి ఆ ఎత్తు తెలియక తప్పదు కనుక విమానాశ్రయాల నివేదికలలో అది దొరుకుతుంది. అవి రెండు విధాలు. 'మెటార్' ఇప్పటి పరిశీలన. 'టాఫ్' రాబోయే గంటల సూచన. దాని గడువు గరిష్ఠంగా 30 గంటలు. బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయపు సంకేతం వి.ఓ.బి.ఎల్. పరిశీలనకు 'సీలోమీటర్' అనే పరికరం తోడ్పడుతుంది. అది పైకి లేజర్ కాంతిని పంపి, మేఘాన్ని తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి ఎత్తును లెక్కిస్తుంది.

2. ఎలా చదవాలి?

ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా భావిస్తారు. 'ఎఫ్.ఇ.డబ్ల్యు.' అంటే 1–2 భాగాలు, 'ఎస్.సి.టి.' అంటే 3–4, 'బి.కె.ఎన్.' అంటే 5–7, 'ఓ.వి.సి.' అంటే 8 భాగాలూ మేఘం కప్పినట్లు. పక్కనున్న మూడంకెలను నూరుతో హెచ్చించాలి. 'బి.కె.ఎన్. 008' అంటే 800 అడుగులు, అనగా సుమారు 240 మీటర్లు. ఈ ఎత్తు విమానాశ్రయపు నేల నుంచి లెక్కించినది, సముద్రమట్టం నుంచి కాదు. కాలం అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటుంది. 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన సమయం వస్తుంది.

3. మన చోటికి ఎలా మార్చుకోవాలి?

బెంగళూరు విమానాశ్రయం సుమారు 915 మీటర్ల ఎత్తున ఉన్నది. దానికి 240 కలిపితే మేఘపు అడుగుభాగం సముద్రమట్టానికి 1,155 మీటర్లు. నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. కాబట్టి శిఖరం మేఘంలో మునిగి ఉంటుంది. ఆ పొరయే హోసూరు వరకు వ్యాపించినట్లయితే అక్కడ నేలకు సుమారు 255 మీటర్ల పైన ఉంటుంది. సామల్పట్టి మరింత పల్లంలో ఉన్నందున అక్కడి గాలిలోని వేడి, తేమ వేరు. ఆ పొర అంతదాకా రాకపోవచ్చు. దూరం పెరిగేకొద్దీ ఈ లెక్కను తక్కువగా నమ్మాలి.

4. స్వంతంగా అంచనా వేయడం

పైకి లేచే గాలి కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీలు చల్లబడుతుంది; దాని మంచుబిందు ఉష్ణోగ్రత 2 డిగ్రీలు మాత్రమే తగ్గుతుంది. రెండింటి మధ్య ఎడం కిలోమీటరుకు 8 డిగ్రీల చొప్పున తరిగి, అవి కలిసిన చోట మేఘం ఏర్పడుతుంది. అందుచేత నేలమీది తేడాను 125 తో హెచ్చించాలి. ఉష్ణోగ్రత 31, మంచుబిందువు 21 అయితే తేడా 10. మేఘపు అడుగుభాగం నేలకు సుమారు 1,250 మీటర్ల పైన. ఇది మధ్యాహ్నవేళ కుప్పలుగా లేచే మేఘాలకే వర్తిస్తుంది. తెల్లవారుజామున పరచుకొనే పొరలకు, తుపాను మేఘాలకు వర్తించదు.

5. అభ్యాసం

బెంగళూరు సూచనలో 'ఎస్.సి.టి. 015, ఓ.వి.సి. 080' అని ఉన్నది. నంది కొండకు వెళ్లేవారు ఏమి గ్రహించాలి?

జవాబు: ఆకాశంలో సగానికి మించి కప్పిన పొరలలో కిందిదానినే విమాన చోదకులు మేఘపు పైకప్పుగా పరిగణిస్తారు. ఇక్కడ అది 8,000 అడుగులు. అయితే కొండ ఎక్కేవారికి మొదటి పొరయే ముఖ్యం. 1,500 అడుగులంటే సుమారు 460 మీటర్లు. 915 కలిపితే 1,375. ఇది శిఖరం కంటే తక్కువ. కాబట్టి పైభాగపు దారిని మేఘం విడతలు విడతలుగా మూసివేయవచ్చు. వెలుతురు వచ్చి మేఘం పైకి లేచేవరకు ప్రయాణాన్ని వాయిదా వేయడం మేలు. తప్పక వెళ్లవలసివస్తే వేగం తగ్గించి, దీపాలను కిందికి దించి నడపాలి.