బిస్మిల్లా దావత్‌కు బీదర్ కోట పళ్లెం

మన ఇళ్లలో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా చదివించడం దక్కనులో పాత ఆచారం. ఆ దావత్‌కు వచ్చే చిన్న అతిథులంతా దాదాపు అదే వయసువాళ్లు. వాళ్ల వెనక తప్పటడుగుల తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా వస్తారు. బజారు నుంచి రంగురంగుల పొట్లాలు తెప్పించే బదులు మన బీదర్ కోటనే పళ్లెంలో కట్టి చూడండి. పిల్లలు ఆడుతూ తింటారు.

పదిమంది పిల్లలకు కావలసినవి: పాతిక గ్రాముల నానిన సెనగపప్పుతో ఉడికించిన 250 గ్రాముల ఖీమా, ఒక గుడ్డు, 20 ఖర్జూరాలు, మూడు కీరాలు, నాలుగు క్యారెట్లు, అర బొప్పాయి, ఒక గిన్నె పుదీనా పెరుగు చట్నీ.

కట్టే విధానం: ముందు వెడల్పాటి స్టీలు పళ్లెం తీసుకోండి. కోట చుట్టూ రాతిలో తొలిచిన మూడు వరుసల కందకం గుర్తుందిగదా! పల్చని కీరా ముక్కలను అలా మూడు వరుసలుగా పేర్చండి. మెత్తగా ఉడికించిన క్యారెట్ ముక్కలు ఎర్రరాతి గోడ. నీరు ఇగిరిన ఖీమాను నూరి, గుడ్డు కలిపి, కొద్ది నూనెతో పెనంమీద కాల్చిన చిన్న షామీలు బురుజులు. గింజ తీసి నిలువుగా చీల్చిన ఖర్జూరాలు దర్వాజాలు. బొప్పాయి ముక్కలతో రంగీన్ మహల్. మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసాకు ఇప్పుడు ఒక్క మినారే మిగిలింది కనుక సగం కీరాను నిలబెట్టండి. దేనికీ పుల్లలు గుచ్చవద్దు.

మిజాజ్ మాట: యునానీలో పిల్లల మిజాజ్ గర్మ్-తర్, అంటే వేడి, తేమ. ఖర్జూరం వేడి, కీరా చల్లన. ఒకటి మరొకదానిని సరిచేస్తుంది. దైవప్రవక్త (స) ఖర్జూరాన్ని దోసకాయతో కలిపి తిన్నారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. మధుమేహం ఉన్న దాదాజాన్, నానీజాన్‌లకు మాత్రం ఖర్జూరం తగ్గించి కీరా, షామీ ఇవ్వండి.

నాలుగు జాగ్రత్తలు

1. అయిదేళ్లలోపు పిల్లలకు వేరుసెనగ, బాదం, బఠానీ, పచ్చి క్యారెట్ ముక్కలు ఇవ్వవద్దు. గొంతుకు అడ్డం పడతాయి. ద్రాక్ష పెడితే ఒక్కో పండును నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. పరుగెత్తుతూ తిననివ్వక దస్తర్‌ఖాన్‌పై కూర్చోబెట్టండి. ఏడాది నిండని పాపకు తేనె నాకించవద్దు.

2. రంగు పొడులు వద్దు. పీచుమిఠాయిలో వాడే రోడమైన్-బి రంగును, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధించింది. అదే ఏడాది జూన్‌లో కబాబులకూ ఆ నిషేధం వర్తించింది. క్యారెట్, పుదీనా, బొప్పాయి రంగులు చాలవా?

3. ముచ్చటపడి బిద్రీ పళ్లెంలో వడ్డించవద్దు. బిద్రీలో ఎక్కువ భాగం జింకు, కొంత రాగి. నిమ్మరసం, పెరుగు వంటి పులుపు తగిలితే జింకు కరిగి తిండిలో చేరుతుంది, వాంతులవుతాయి. దానిని పక్కన అలంకారంగా ఉంచండి.

4. షామీలు, చట్నీ రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు. మన ఎండాకాలంలో గంట చాలు.

ఇంత చేసినా బిడ్డకు ముద్ద అడ్డంపడితే: దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గు, మాట రాకపోతే ముందుకు వంచి రెండు భుజాల మధ్య వీపుమీద అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా చరచండి. మరొకరు 108కి ఫోన్ చేయాలి. కనిపించని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి వెతకవద్దు, అది ఇంకా లోపలికి పోతుంది.

ఆకలి పూర్తిగా తీరకముందే చేయి ఆపడం హకీములు తరతరాలుగా చెప్పే మాట. కోటంతా ఒక్కడే జయించనక్కర లేదని, పక్కవాడికీ ఒక బురుజు వదలాలని పిల్లలకు నవ్వుతూ చెప్పండి. కడుపుకూ మేలు, మర్యాదకూ మేలు.