పంపింగ్ 32 శాతం అని రాసే ముందు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకున్న మూడో రోజు పేషెంటుకి ఎకో చేస్తే ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్, అందరూ పంపింగ్ అనే శాతం) 32 వచ్చిందన్నావు. బయట నిలబడ్డ కొడుకు "పంపింగ్ ఎంతుంది మేడం, నాన్న కోలుకుంటాడా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదన్నావు. కార్డియాలజీ చదివినన్నాళ్లూ, చేసినన్నాళ్లూ నిన్ను అడిగే ప్రశ్న ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మూడో రోజు ఈఎఫ్ చూసి జాతకం చెప్పకు. రక్తం అందక విలవిల్లాడిన కండరం, బ్లాక్ తీసేసినా వెంటనే పనిలో పడదు. బతికే ఉంటుంది, కదలదు. 1982లో బ్రౌన్‌వాల్డ్, క్లోనర్ దీనికి 'స్టన్డ్ మయోకార్డియం' అని పేరు పెట్టారు. రోజులకో వారాలకో అది మళ్లీ కదులుతుంది. చచ్చిపోయిన కండరం మాత్రం మచ్చ కడుతుంది, ఇక కదలదు. చిక్కంతా ఎక్కడంటే, మొదటి వారంలో ఎకో తెరమీద ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. నీకొచ్చిన 32లో నిద్రపోతున్నదెంతో, పోయిందెంతో ఆ రోజు నువ్వు విడదీసి చెప్పలేవు.

కాబట్టి కొడుకుతో ఉన్నదున్నట్టు చెప్పు: "ఇప్పుడు పంపింగ్ తగ్గింది. అందులో కొంత తిరిగి రావచ్చు. మందులు ఒక్క రోజు కూడా మానొద్దు. మళ్లీ ఎకో చేసి చూశాక ఇంకా గట్టిగా చెప్పగలను." ఇంకో మాట కూడా చేర్చు. కళ్లు తిరిగి పడిపోయినా, పడుకుంటే ఆయాసం వచ్చినా అర్ధరాత్రైనా సరే తీసుకురమ్మను. గుండెపోటు తర్వాత పంపింగ్ తగ్గినవాళ్లు, గుండె నీరసించినవాళ్లు 14,609 మందిని గమనించిన వాలియంట్ అధ్యయనంలో హఠాన్మరణం ముప్పు అన్నిటికన్నా ఎక్కువున్నది మొదటి 30 రోజుల్లోనే.

అంత ప్రమాదముంటే, లయ తప్పిన గుండెకు షాకిచ్చి సరిచేసే ఐసీడీ పరికరం వెంటనే పెట్టేస్తే పోదా అని నీకు అనిపిస్తుంది. చాలామందికి అనిపించింది, చేసి కూడా చూశారు. 2004లో వచ్చిన డినామిట్ అధ్యయనంలో గుండెపోటు వచ్చిన 6 నుంచి 40 రోజుల లోపు, ఈఎఫ్ 35 అంతకన్నా తక్కువున్న 674 మందిని తీసుకున్నారు. ఐసీడీ పెట్టినవాళ్లలో గుండె లయ తప్పి చనిపోవడం తగ్గింది గానీ, వేరే కారణాల మరణాలు పెరిగి మొత్తం లెక్క మారలేదు. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన మాడిట్-2 అధ్యయనంలో, గుండెపోటు వచ్చి కనీసం నెల దాటి, ఈఎఫ్ 30కి మించనివాళ్లు 1,232 మంది. అక్కడ అదే ఐసీడీ మరణాలను 19.8 శాతం నుంచి 14.2కి తగ్గించింది. అందుకే గుండెపోటు తర్వాత 40 రోజులు, స్టెంట్ వేస్తే 3 నెలలు ఆగి, మందులు వాడించి, మళ్లీ ఈఎఫ్ చూశాకే ఐసీడీ మాట ఎత్తాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇక చేతిపని. పేషెంటుని ఎడమపక్కకి బాగా తిప్పి పడుకోబెట్టు. ప్రోబు చేతికి అలవాటైన చోట కాకుండా, గుండె కొన ఉన్నచోట పెట్టు. ఒక్కోసారి ఇంకో పక్కటెముక సందు కిందికి దిగాల్సి వస్తుంది. ఊపిరి వదిలి ఆపమను. కొన గుండ్రంగా, పొట్టిగా, హుషారుగా కదులుతూ కనిపించిందంటే అనుమానించు: అది అసలు కొన కాదు, నువ్వు గుండెను ఏటవాలుగా కోసి చూస్తున్నావు. ముందు గోడ గుండెపోటులో దెబ్బతినేదీ, గడ్డ కట్టేదీ ఆ కొన దగ్గరే. అదే తప్పిపోతే ఈఎఫ్ ఉన్నదానికన్నా మెరుగ్గా వస్తుంది, గడ్డ కంటపడదు. నాలుగు గదుల వ్యూలోనూ, రెండు గదుల వ్యూలోనూ లోపలి అంచు గీసి సింప్సన్ పద్ధతిలో కొలువు. కంటి అంచనా వేసి 30–35 అని రాసే అలవాటు చేసుకోకు. జాగ్రత్తగా కొలిచినా ఇద్దరి లెక్కల మధ్య 5 నుంచి 10 పాయింట్ల తేడా మామూలే. అలాంటప్పుడు 36కీ 34కీ మధ్య గీత గీసి ఒకరికి ఐసీడీ, ఒకరికి వద్దు అనే ముందు మరోసారి కొలవడం మన ధర్మం.

ఈఎఫ్ శాతం మాత్రమే చెబుతుంది, గుండె ఎంత సాగిందో చెప్పదు. ఒకరికి ఎడమ జఠరిక నిండినప్పుడు 120 మి.లీ., పిండాక 72 మిగిలింది. ఇంకొకరికి నిండినప్పుడు 200, పిండాక 120. ఇద్దరికీ ఈఎఫ్ 40. ఇద్దరి భవిష్యత్తూ ఒకటి కాదు. ఆక్లాండ్‌లో హార్వీ వైట్ బృందం గుండెపోటు నుంచి బయటపడిన 605 మంది మగవాళ్లను పరిశీలించి 1987లో ప్రచురించింది. ఎవరు బతుకుతారన్నది ఈఎఫ్ కన్నా బాగా చెప్పింది, పిండాక మిగిలిన ఆ రక్తమే. నా దృష్టిలో మనం రిపోర్టుల్లో నిర్లక్ష్యం చేస్తున్న అంకె ఇదే. మిషను ఎలాగూ లెక్కకట్టి చూపిస్తుంది, రాయడానికే బద్ధకం.

నిద్రపోతున్నదేదో, పోయిందేదో విడదీయాల్సి వస్తే ఎమ్మారై ఉంది. గాడోలినియం ఎక్కించి పది పదిహేను నిమిషాలాగి చూస్తే మచ్చ తెల్లగా మెరుస్తుంది. అది గోడ మందంలో ఎంతవరకు పాకిందో కొలవచ్చు. 2000లో రేమండ్ కిమ్ బృందం, రక్తప్రసారం పునరుద్ధరించబోయే 50 మందిని చూసింది. తెలుపు లేకుండా కదలిక తగ్గిన భాగాల్లో 78 శాతం తర్వాత మెరుగయ్యాయి. గోడ మందంలో 75 శాతం మించి తెల్లబడిన 58 భాగాల్లో మెరుగైంది ఒక్కటే. గుండెపోటు కొత్తగా వచ్చినప్పుడు ఆ తెలుపు నడుమ నల్లటి మడుగు కూడా కనిపించవచ్చు. పెద్ద నాళం తెరుచుకున్నా సన్న నాళాల్లో రక్తం పారడం లేదన్నమాట. అది కనిపించిన పేషెంటుని త్వరత్వరగా పిలిపించి చూసుకో. మచ్చ పరిమాణమూ అంతే ముఖ్యం. 10 ట్రయల్స్‌లోని 2,632 మంది లెక్కలు కలిపి 2016లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, మచ్చ ఎడమ జఠరికలో ప్రతి 5 శాతం పెరిగేకొద్దీ ఏడాదిలో మరణించే ముప్పు 19 శాతం పెరిగింది. కానీ ఎమ్మారై అందరికీ అందదు, అందరికీ అక్కర్లేదు. ఎకోతో తేలనప్పుడు, తేలితే వైద్యం మారేటప్పుడు రాయి.

ఈ అంకెలన్నీ వందలమందిని కలిపి చూస్తే వచ్చినవి. నీ ముందు పడుకున్న మనిషి ఆ వందలో ఏ వైపో ఏ బొమ్మా చెప్పదు. ఈఎఫ్ 35 దాటినవాళ్లలో ఒక్కొక్కరికీ ముప్పు తక్కువే అయినా, వాళ్లు ఎక్కువమంది కాబట్టి హఠాన్మరణాల్లో ఎక్కువభాగం అక్కడి నుంచే వస్తున్నాయి. 50 వచ్చిందని ఎవరికీ మందుల విషయంలో ధీమా ఇవ్వకు.

మీ డిపార్ట్‌మెంటు ఎకో ఫారంలో "గుండెపోటు వచ్చి ఎన్నో రోజు" అనే గడి, "మళ్లీ ఎకో తేదీ" అనే గడి లేకపోతే ప్రొఫెసర్ గారితో మాట్లాడి రెండూ పెట్టించు. ఒప్పుకునేదాకా నువ్వు చేసే ప్రతి రిపోర్టు మీదా చేత్తోనే రాయి.

ఇట్లు,
మీ మామయ్య