మావాణ్ని పెంచుతూ తెలుసుకున్నవి

మావాడికి సెరిబ్రల్ పాల్సీ. వయసు ముప్పై దాటింది. బిడ్డకు ఈ జబ్బని కొత్తగా తెలిసిన తండ్రులు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్లకు నేను చెప్పే మాటలివి.

1. 'ఎవరి పాపమో' అనే మాట ముందు తల్లి మీదే పడుతుంది. అది మన చుట్టాల నోటి నుంచే వస్తుంది కాబట్టి ఆపాల్సింది మనమే. ఎదిగే దశలో మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే స్థితి ఇది. అది బిడ్డ కడుపులో ఉండగా జరగొచ్చు, కాన్పులో జరగొచ్చు, ఆ తర్వాతా జరగొచ్చు. పాపపుణ్యాల ప్రసక్తే లేదు.

2. బిడ్డ ఒంటి పనులు మీ చేత్తో చేయండి. డబ్బు తెచ్చిచ్చినంత మాత్రాన తండ్రి బాధ్యత తీరదు. మావాడికి పడుకోబెట్టి అన్నం పెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా తల పట్టుకుని, మెత్తగా కలిపిన పప్పన్నం చిన్న చెంచాతో పెడతాను. గొంతు కదిలి, మింగాడని తెలిశాకే ఇంకో చెంచా. తొందరపడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. వాడికి మాట రాదు. పెరుగు వద్దనుకుంటే పెదవులు బిగిస్తాడు, ఇంకా కావాలంటే నా చొక్కా గుండీ వైపు చూస్తాడు. పక్కన కూర్చుని తినిపించని తండ్రికి ఇవేవీ తెలియవు. కొడుకు పెద్దవాడయ్యాక స్నానం, గడ్డం గీయడం ఎలాగూ మనకే వస్తాయి. అప్పటికే మన చెయ్యి వాడికి అలవాటై ఉండాలి.

3. వైకల్య ధ్రువీకరణ కోసం సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు వెంటనే తీయించండి.

4. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు వెంట తీసుకెళ్లండి. చూసేవాళ్లు చూస్తారు, చూడనివ్వండి.

5. 'నా తర్వాత తమ్ముణ్ని చూసుకుంటానని ఒట్టెయ్యి' అని కూతుర్ని అడగొద్దు. అది అన్యాయం. ప్రేమ ఉంటే తనే చూస్తుంది. ఏర్పాట్లు చేయాల్సింది మాత్రం మనం.

6. పద్దెనిమిదేళ్లు నిండాక చట్టం దృష్టిలో మనం వాడికి గార్డియన్లం కాము. బ్యాంకులో సంతకం అడిగేదాకా ఈ సంగతి చాలామందికి తెలియదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు జిల్లా స్థాయి కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. అదే ట్రస్టు నిరామయ బీమా కింద వైద్యానికి ఏటా లక్ష రూపాయల దాకా వస్తుంది. ప్రభుత్వోద్యోగులైతే, సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ అందేలా బతికుండగానే కాగితాల్లో పేరెక్కించండి.

పద్దెనిమిది నిండిన బిడ్డ ఇంట్లో ఉంటే, గార్డియన్ దరఖాస్తు కోసం ఈ వారమే కలెక్టరేట్‌కు వెళ్లండి.